నమ్మినబంటు ఎవరు?

విశ్వాసం అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తుకు వచ్చేది కుక్క. కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులను ఏటా నేను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటాను. "విశ్వాసానికి ఒక ఉదాహరణ చెప్పండి" అంటాను. ముందు బెంచీ నుంచి వెనుక బెంచీ దాకా ఒకటే జవాబు. కాస్త ఆగితే ఎవరో ఒకరు ఆంజనేయస్వామి పేరు చెబుతారు. మరికాస్త ఆగితే మనుషుల దగ్గరకు వస్తారు. ఆ మనుషులు కూడా ఎవరంటారు? పాలేరు, పనిమనిషి, గుమాస్తా. యజమానిని ఉదాహరణగా చెప్పిన విద్యార్థి ఇన్నేళ్ళలో ఒక్కడూ నాకు తగలలేదు. "ఫలానా ఆసామి తన పాలేరు పట్ల ఎంతో విశ్వాసంగా ఉండేవాడు" అని నేనే బల్ల మీద వ్రాస్తే, వాక్యంలో తప్పు దొర్లిందేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

వాక్యంలో తప్పేమీ లేదు. మనమే విశ్వాసాన్ని కింది నుంచి పైకి చెల్లించే శిస్తుగా చూడడం అలవాటు చేసుకున్నాం.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. "ఆయన మీద నాకు విశ్వాసం ఉంది" అంటాం. నేను ఆయనను నమ్ముతున్నానని అర్థం. "వాడు విశ్వాసం గలవాడు" అంటాం. వాడు నమ్మదగినవాడని అర్థం. నమ్మేవాడి మనసుకూ, ఆ నమ్మకాన్ని నిలబెట్టేవాడి గుణానికీ మనకు ఒకటే మాట. "నాకు నమ్మకం ఉంది" అన్నా, "నమ్మకమైన మనిషి" అన్నా ఇదే తీరు. ఇక "నమ్మినబంటు" సంగతి చూడండి. ఇందులో నమ్మినది ఎవరు? బంటు ఏలికను నమ్మాడా? ఏలిక బంటును నమ్మాడా? వ్యాకరణం రెండు అర్థాలకూ ఒప్పుకుంటుంది. ఈ మాటను తయారు చేసుకున్న మన పెద్దలకు ఆ రెండూ విడదీయరానివిగా తోచాయి కాబోలు. విడదీసుకున్నది మనమే.

ఈ రెండు అర్థాలనూ పక్కపక్కన చూపగల సీమ ఒకటి ఉన్నది. నెల్లూరు జిల్లాలోని పడమటి మెట్ట, అంటే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు. నెల్లూరు అనగానే మాగాణి, మొలగొలుకులు, చేపల పులుసు గుర్తుకు వచ్చేవారికి ఈ పడమటి వైపు కొత్తగా ఉంటుంది. వెలిగొండలు అడ్డంగా నిలబడిన చోట, వానను నమ్ముకుని బతికే ఊళ్ళు ఇవి. నమ్మకం విలువ ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు.

కళ్ళు కాపాడిన చేతులు

ఉదయగిరి కొండ 3,000 అడుగులకు పైబడిన ఎత్తు. కొండ మీద 8, కింద 5, మొత్తం 13 దుర్గాలతో ఒకప్పుడు దుర్భేద్యంగా ఉండేది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు దీనిని ముట్టడించినప్పుడు కోట గజపతుల చేతిలో ఉన్నది. ప్రతాపరుద్ర గజపతికి దగ్గరి బంధువైన తిరుమల రౌతరాయలు లోపల ఉండి ఏడాదికి పైగా లొంగకుండా నిలబడ్డాడు. రాయలవారి సైన్యం బండలు పగలగొట్టి దారులు చేసుకుంటూ పైకి వెళ్ళవలసి వచ్చింది. 1514లో కోట వశమైంది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపీకి తీసుకువెళ్ళి, 1515లో తాను కట్టించిన కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు.

ఈ తూర్పు దండయాత్రల కాలమంతా రాయలవారి కుడిభుజం మహామంత్రి సాళువ తిమ్మరుసు. ఉదయగిరి తరువాత 1515లో కొండవీడు పడినప్పుడు ఆ సీమను ఆయన చేతిలోనే పెట్టారు. రాయలు ఆయనను అప్పాజీ అని పిలిచేవాడని మనకందరికీ తెలుసు.

1530ల్లో విజయనగరానికి వచ్చిన న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రెండు సంగతులు వ్రాసి పెట్టాడు. మొదటిది: రాయల అన్న వీర నరసింహరాయలు చనిపోయే ముందు, తన కొడుకుకు అడ్డు రాకుండా తమ్ముడి కళ్ళు తీయించమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు మేక కళ్ళు తెప్పించి చూపి, కృష్ణరాయల కళ్ళు కాపాడాడు. రెండవది: చాలా ఏళ్ళ తరువాత, చిన్నవాడైన యువరాజు చనిపోతే, విషం పెట్టించారన్న చెప్పుడుమాట విని రాయలు తిమ్మరుసును చెరసాలలో పెట్టించి కళ్ళు తీయించాడు.

విన్నది విన్నట్టు వ్రాసిన మనిషి న్యూనిజ్. ఆయన వ్రాసిన ప్రతి అక్షరమూ జరిగిందని చరిత్రకారులు ఒప్పుకోరు. అయినా ఈ కథను తెలుగువాళ్ళు మరచిపోలేదు. 1962లో "మహామంత్రి తిమ్మరుసు" చిత్రం వచ్చినప్పుడు, గుమ్మడి ఆ పాత్రలో కనిపిస్తే హాలులో కన్నీళ్ళు పెట్టుకున్నామని చెప్పిన పెద్దవాళ్ళను నేను ఎరుగుదును. ఎందుకు ఏడ్చారు? బంటు విశ్వాసంలో కొరత లేదు. కొరత రెండో వైపున వచ్చింది. నమ్మకాన్ని నిలబెట్టినవాడిని నమ్మవలసినవాడు నమ్మలేదు. చాడీ ఒకటి చెవిన పడినప్పుడు, "అప్పాజీ, ఇలా అంటున్నారు, మీరేమంటారు?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడగడం కూడా విశ్వాసమే. రాజులకే కాదు, అన్నదమ్ములకూ, అత్తాకోడళ్ళకూ, ఆఫీసు పెద్దలకూ ఈ మాట వర్తిస్తుంది.

కావలివాడు, దొంగ

రాజుల సంగతి పెద్దది. ఊళ్ళ సంగతి చూద్దాం.

నెల్లూరు జిల్లాలో తోటలకూ, కళ్ళాలకూ, ఇళ్ళకూ కావలి ఉన్నవారిలో యానాదులు ముఖ్యులు. పంట కళ్ళంలో ఉన్నన్నాళ్ళూ రైతు ఇంట్లో నిద్రపోయేవాడు. యానాది కావలివాడు మెలకువగా ఉండేవాడు. ఊరి గింజ అతని చేతిలో ఉండేది. అలాంటివారిలోనే కొందరిని ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద చేర్చింది. 1871లో మొదట వచ్చిన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. చట్టం కిందికి వచ్చిన వారి పుట్టుకే నేరమన్నమాట. పేర్లు నమోదు చేయించుకోవాలి. పిలిస్తే పోలీసుల ముందు హాజరు కావాలి. కళ్ళం అప్పగించడానికి ఊరికి పనికివచ్చిన జాతి, కాగితం మీద దొంగల జాతి అయింది! ఈ అన్యాయంతో జీవితమంతా పోరాడిన మనిషి నెల్లూరు జిల్లావాడే, వెన్నెలకంటి రాఘవయ్యగారు. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. బిరుదు సంగతి ఎలా ఉన్నా, కావలి కాసినవారికి తిరిగి కావలి కాసిన మనిషిగా నేను ఆయనను తలుచుకుంటాను.

ఇదే సీమలో నేను చిన్నప్పుడు కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. మా అమ్మమ్మగారిది ఆత్మకూరుకు దగ్గరలో ఒక మెట్టపల్లె. ఇంట్లో పెద్ద పాలేరు ఉండేవాడు. పిల్లలమంతా పెద్దయ్యా అని పిలిచేవాళ్ళం. ఒక ఏడు వానలు లేవు. పండిన జొన్నలు ఇంటికే చాలవు. ఏడాది జీతం గింజలు కొలిచే రోజున మా మామ, "ముందు ఇంటికి కావలసింది పక్కన పెట్టి, మిగిలింది పెద్దయ్యకు ఇద్దాంలేమ్మా" అన్నాడు.

మా అమ్మమ్మ చదువుకున్నది కాదు. గాదె దగ్గర నిలబడి, "మన ఇంటి తాళాలు వాడి మొలలో ఉండాయి. వాడి కూడు మన గాదెలో ఉంది. ఎవరి సొమ్ముకు ఎవరురా కావలి? ముందు వాడివి కొలువు" అన్నది.

కొలిచారు. ఆ ఏడు మా ఇంట్లో సంగటే ఎక్కువ సార్లు వండారు.

అన్ని ఇళ్ళూ ఇలా ఉండేవని నేను అనను. పిల్లవాడి జ్వరానికి తీసుకున్న అప్పు కింద తండ్రీ, తరువాత కొడుకూ అదే గడప దగ్గర కట్టుబడి పోయిన ఇళ్ళు మన పల్లెల్లో ఎన్నో ఉండేవి. దానికీ జనం విశ్వాసమనే పేరు పెట్టారు. "మూడు తరాలుగా మా ఇంటినే నమ్ముకుని ఉన్నారు" అని ఆసాములు గొప్పగా చెప్పుకునేవారు. నమ్ముకుని ఉన్నారా, కదలలేక ఉన్నారా? ఈ తేడా తేల్చడానికి 1976లో వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టమే రావలసి వచ్చింది. వెళ్ళడానికి దారి ఉండి కూడా నిలిచినవాడిదే విశ్వాసం. దారి మూసి పెట్టి నిలబెడితే అది కాపలా.

ఉద్యోగంలో

పాలేళ్ళ కాలం పోయిందిగా అంటారేమో. మొన్నటి సంగతి వినండి.

ఆత్మకూరు వైపు పల్లె నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడు బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాడు. యజమాని తెలిసినవారికి తెలిసినవాడు. ఎవరూ ఉద్యోగం ఇవ్వని రోజుల్లో పిలిచి ఇచ్చాడు. నాలుగేళ్ళు గడిచాయి. తరువాత జీతం ఆలస్యం కావడం మొదలైంది. ఒక నెల కాదు, మూడు నెలలు. "మనం మనం ఒకటి, కాస్త ఓర్చుకో" అన్నాడు యజమాని. ఈలోగా మరో చోట ఉద్యోగం వచ్చింది. కుర్రవాడు వెళ్ళిపోతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. నా దగ్గరకు వచ్చింది.

"అన్నం పెట్టిన చెయ్యి సార్ అది. వదిలేసి పోతే రేపు మా వాళ్ళలో తలెత్తుకోలేం. మీ మాటంటే వాడికి గురి. మీరైనా చెప్పండి."

"అమ్మా, ఆ మూడు నెలలూ వాడి గది అద్దె ఎవరు కట్టారు?" అని అడిగాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "నా గాజులు పెట్టి పంపించినా సార్" అన్నది.

అన్నం పెట్టే చెయ్యి ఎవరిదో ఆమెకు అప్పుడు కనిపించింది. కాని సంగతి అక్కడితో తేలలేదు. కుర్రవాడిని పిలిచి మాట్లాడాను. కోపం మీద ఉన్నాడు. రేపే మానేస్తాను, ఫోను కూడా ఎత్తను అన్నాడు. అదీ సరి కాదన్నాను. నాలుగేళ్ళ కిందట తలుపు తెరిచినవాడికి చెల్లించవలసినది ఒకటి ఇంకా ఉన్నది. కుర్రవాడు ఆలోచించుకున్నాడు. యజమానికి ఎదురుగా కూర్చుని ఉన్నమాట చెప్పాడు. నెలరోజులు ఉండి, తన పని మరొకరికి నేర్పి, లెక్కలు అప్పగించి బయటికి వచ్చాడు. పాత జీతం బాకీ సగం వచ్చింది, సగం ఇంకా రావాలి. తల్లి ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు. అయినా వాడు విశ్వాసం తప్పాడని నేను అనుకోను. ఉండిపోవడంలోనే కాదు, వెళ్ళిపోయే పద్ధతిలో కూడా విశ్వాసం కనిపిస్తుంది.

పనిలో మరో విశ్వాసం కూడా ఉన్నది. దానికి మళ్ళీ ఉదయగిరికే వెళ్ళాలి. అక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. చేసేవారిలో స్త్రీలు ఎక్కువ. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది వంటి కర్రను చెక్కి, నునుపు చేసి, పిడి మీద నగిషీ తీరుస్తారు. ఈ సరుకుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పచ్చికర్రతో చేసిన గరిటె కొన్న రోజున ఎండుకర్ర గరిటెలాగే ఉంటుంది, పగిలేది తరువాత. కొన్నవాడు హైదరాబాదులోనో, మరో దేశంలోనో ఉంటాడు. చేసిన మనిషి ముఖం ఎప్పుడూ చూడడు. చూడని మనిషి కోసం కర్ర ఆరేదాకా ఆగడం విశ్వాసం. ఆ ఆగిన రోజుల కూలి కూడా కలిపి ధర కట్టడం కొనేవాడి విశ్వాసం. పది రూపాయలు తగ్గించమని బేరం పెట్టే ముందు మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఇంటి గుట్టు

ఇక ఇంట్లో విశ్వాసం. ఇది అన్నింటికంటె కష్టం. ఎందుకంటే ఇంట్లో విశ్వాసానికి మరో పేరు గుట్టు. కాపురం గుట్టు బయట పెట్టకూడదని ఆడపిల్లకు చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. మొగుడు తాగివచ్చినా, కూలి డబ్బు దుకాణంలో పోసినా, చేయి చేసుకున్నా, నోరు మెదపని ఇల్లాలే విశ్వాసం గల ఇల్లాలు.

ఉదయగిరి నియోజకవర్గంలోనే ఉన్న కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరు ఉన్నది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు, పగలంతా పొలం పని చేసిన స్త్రీలు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్నారు. చదువుతో పాటు మాటలు వచ్చాయి. ఒకామె ఇంటి సంగతి చెబితే, పక్కామె ఇంట్లోనూ అదే సంగతి. ఎవరి గుట్టు వారు దాచుకున్నంత కాలం అది తన తలరాత అనుకున్నారు. నలుగురి గుట్టూ ఒకటేనని తెలిశాక అది సారా దుకాణం అని అర్థమైంది. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరికి సారా రాకుండా అడ్డం తిరిగారు. చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని ఊరూరా స్త్రీలు లేచారు. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఆమె 2016లో కన్నుమూసింది.

ఆ రోజుల్లో వాళ్ళను "మొగుళ్ళ పరువు బజారుకు ఈడ్చారు" అన్నవారు లేకపోలేదు. కాని ఒక్క సంగతి గమనించండి. వాళ్ళు మొగుళ్ళ మీదికి వెళ్ళలేదు, దుకాణం మీదికి వెళ్ళారు. కాపురాలు విడిచి పోలేదు. కాపురాలను నిలబెట్టుకోవడానికే గడప దాటారు. ఇల్లు కాలుతుంటే తలుపు వేసుకుని గుట్టు కాపాడడం విశ్వాసం కాదు. నలుగురినీ కేక వేయడమే విశ్వాసం.

వాళ్ళు తమ వంతు నిలబెట్టారు. రెండో వైపున ఏం జరిగింది? 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు. ఖజానాకు కరువు వచ్చిందని కారణం చెప్పారు. కరువు రోజున ఎవరి గింజలు ముందు కొలవాలో మా అమ్మమ్మకు తెలిసినంతగా ఖజానాకు తెలియలేదు.

నీళ్ళ బాకీ

ఊరికీ ఊరికీ మధ్య కూడా ఈ లెక్క ఉన్నది. ఆత్మకూరుకు పడమటగా, అనంతసాగరం మండలంలో పెన్న మీద సోమశిల ఆనకట్ట ఉన్నది. 1970ల్లో పని మొదలుపెట్టిన ఈ జలాశయంలో సుమారు 78 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. నెల్లూరు డెల్టాకు అదే ఆధారం. మెట్టలోనూ కాలువ పారినంత మేర పచ్చగా ఉంటుంది. కాని ఆ నీరు నిలవడానికి వెనుక వైపున కడప జిల్లాలో ఊళ్ళు మునిగిపోయాయి. నందలూరు, ఒంటిమిట్ట, అట్లూరు మండలాల వైపు ఆ ఊళ్ళ జనం ఇళ్ళూ, గుళ్ళూ, సమాధులూ విడిచి లేచిపోయారు.

మనకు నీరు వస్తుంది. వాళ్ళకు ఊరు పోయింది. పరిహారం ఇచ్చారుగా అంటాం. పరిహారం వ్యాపారం మాట. వ్యాపారంలో సాయంత్రానికి లెక్క మూసేస్తారు. ఇచ్చింది, పుచ్చుకున్నది సరిపోతే ఇక ఎవరికి ఎవరూ ఏమీ కారు. విశ్వాసంలో లెక్క మూయరు. ఖాతా తెరిచే ఉంటుంది. కాని ఆ ఖాతాలో పేర్లు రెండు ఉండాలి. మునిగిన ఊరి పిల్లవాడు ఆత్మకూరు సంతలోనో, నెల్లూరు ఆఫీసులోనో ఏదో పని మీద మన ఎదురుగా నిలబడితే, కూర్చోమని కుర్చీ వేయడం ఆ ఖాతాలో జమ.

విశ్వాసాన్ని రెండు వైపులా కొలవడం మొదలుపెడితే అది బేరంగా మారిపోదా అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్న. మంచాన పడిన భర్తకు ఏళ్ళ తరబడి సేవ చేసే భార్యగాని, మతి తప్పిన తల్లికి అన్నం తినిపించే కొడుకుగాని తిరిగి వచ్చేది చూసుకుని చేయరు. వాళ్ళకు నేను నమస్కారం పెడతాను. కాని అక్కడ రెండోవారు తమ వంతు ఏనాడో చెల్లించి ఉన్నారు, లేదా చెల్లించే శక్తి లేక ఉన్నారు. శక్తి ఉండి చెల్లించనివాడి సంగతి వేరు. అందుచేత నాకు తోచిన నియమం ఒకటే: ఇద్దరిలో ఎవరి చేతిలో గాదె ఉన్నదో వారు ముందు కొలవాలి. ఇంట్లో సంపాదించేవారు, ఆఫీసులో సంతకం పెట్టేవారు, ఊళ్ళో మాట చెల్లేవారు ముందు విశ్వాసంగా ఉంటే, రెండో వైపు దానంతట అదే నిలబడుతుంది.

మన మధ్యతరగతి ఇళ్ళకు గాదెలు లేకపోవచ్చు. పనిమనిషి ఉంటుంది. "పదేళ్ళుగా చేస్తున్నది, బీరువా తాళం ఇచ్చి వెళ్ళవచ్చు, అంత విశ్వాసం" అని వచ్చిన చుట్టాలకు చెబుతుంటాం. ఆమెకు జీతం ఏ తారీఖున అందుతుంది? పండుగకు మనం ఊరికి వెళ్ళిన వారం రోజులకు కోత పెట్టామా? ఆమె కూతురు ఏ తరగతి చదువుతున్నది? పొరుగింట్లో ఏదో పోయిందని మాట వచ్చిన రోజున మనం ఏ వైపు చూశాం? పత్రిక పక్కన పెట్టాక ఒకసారి ఇంట్లో మాట్లాడుకోండి. ఈ నెల ఒకటో తారీఖు ఇంకా రాకపోతే మరీ మంచిది.